ఊడిన ఉద్యోగం మళ్లీ ఎలా అతుక్కుంది?

ఒక వాట్సాప్ ఫార్వర్డ్ కాలనీ గ్రూపులో వచ్చింది, స్కూలు బ్యాచ్ గ్రూపులో వచ్చింది, నిన్న మా బామ్మర్ది కూడా పంపాడు. కింద ‘తప్పక షేర్ చేయండి’ అని నాలుగు దండాలు. అందులో ఉన్నది ఇదీ: సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక ప్రభుత్వోద్యోగుల యూనియన్లే చెల్లవు. సమ్మెకు దిగితే ఉద్యోగం దానంతటదే పోతుంది. అమెరికాలో జీతాల మీద ప్రభుత్వోద్యోగుల యూనియన్లతో బేరాలు ఎప్పుడో ఎత్తేశారు. లక్షల జీతాలు తీసుకుంటూ ఇంకా ఏడుపెందుకు?

సమ్మె ప్రాథమిక హక్కు కాదు, నిజమే. 1962లో బీహార్ ఉద్యోగుల కేసులోనే ఆ మాట చెప్పేశారు. అదే తీర్పులో, ప్రదర్శనలు చేయకూడదన్న నిబంధనను కొట్టేశారు కూడా. సంఘం పెట్టుకోవడం వేరు, సమ్మె వేరు.

ఒళ్లు మండేది రెండో ముక్కకి. 2003లో తమిళనాడులో జయలలిత ప్రభుత్వం సమ్మెకు దిగిన దాదాపు 1.7 లక్షల మంది ఉద్యోగుల్ని ఒక్క దెబ్బతో ఇంటికి పంపింది. మీరు తాయెత్తులా కట్టుకు తిరుగుతున్న తీర్పు ఆ కేసులోదే. కాస్త చివరిదాకా చదవండి బాబూ. అరెస్టయినవాళ్లు, కేసులున్నవాళ్లు తప్ప మిగతా అందర్నీ క్షమాపణ రాయించుకుని తీసుకుంటామని ప్రభుత్వం కోర్టులో ఒప్పుకుంది. మన దగ్గర తెలంగాణలో 2019లో సమ్మెకు దిగిన 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు ‘సెల్ఫ్ డిస్మిస్’ అయ్యారన్నారు. 52 రోజుల సమ్మె ముగిశాక వాళ్లే మళ్లీ డ్యూటీ ఎక్కారు. అప్పటికే ఊడిపోయిన ఉద్యోగం ఏ ఫెవికాల్‌తో అతుక్కుందో! డ్యూటీకి రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే కంపెనీ ఉద్యోగ నిబంధనల్లో, రాసున్నా సరే, సంజాయిషీ అడక్కుండా తీసేయడం కుదరదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. దీన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఒకటి ఒప్పుకుంటా. సరిగ్గా దసరా ముందు బస్సులు ఆపినందుకు ఆ ఆర్టీసీ సంఘాల మీద నాకూ కోపం వచ్చింది. టిక్కెట్టు మిషన్ లేదు, టిక్కెట్టూ లేదు. వేళ్ల సందుల్లో నోట్లు మడిచి పెట్టుకుని ఎంత నోటికొస్తే అంత అడిగిన తాత్కాలిక కండక్టర్‌తో నేనూ గొడవపడ్డా. జనం అవస్థ పడ్డారు, కాదనను. అంతమాత్రాన లేని చట్టం పుట్టదు.

అమెరికా అంటే అమెరికా కాదు, అందులో విస్కాన్సిన్ అనే రాష్ట్రం. 2011లో అక్కడ బేరాన్ని మూలవేతనానికే పరిమితం చేశారు, పోలీసుల్నీ ఫైర్‌వాళ్లనూ వదిలేసి. 2014లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సరేనంది. 2024 డిసెంబర్లో ఒక కౌంటీ జడ్జి ఆ చట్టంలో చాలా భాగం చెల్లదన్నాడు, అప్పీలుకెళ్లారు. అక్కడే తెగని తగాదాను మా బామ్మర్ది గ్రూపులో తేల్చేశారు.

ఇక లక్షల జీతాలు. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, పెట్టింది అంగన్‌వాడీల మీద. అప్పటికి వాళ్లకొచ్చేది నెలకు 11,500. జీతం పెంచమంటే ‘మీరు ఉద్యోగులు కారమ్మా, మీది గౌరవ వేతనం’ అంటారు. పిల్లలకు గుడ్డు ఉడకబెట్టే ఆవిడ సమ్మెలో కూర్చోగానే అత్యవసర సేవ అయిపోతుంది. అందులో ఆ లక్షలెక్కడున్నాయో చూపిస్తే నేనూ పది గ్రూపుల్లో పెడతా.