ఈ రవ్వ ఏ హేచరీ బిడ్డ?

వానలు పడి నీళ్లు చేరగానే నాగార్జునసాగర్, జూరాల, డిండి, కోయిల్‌సాగర్‌లలో చేప పిల్లలను వదిలే కార్యక్రమం మొదలవుతుంది. 2016లో తెలంగాణలో వచ్చిన ఉచిత పంపిణీ పథకం ఇది. వానాకాలపు చెరువుకైతే 35-40 మిల్లీమీటర్ల పిల్ల, ఏడాదంతా నీళ్లుండే చెరువుకు, రిజర్వాయరుకైతే 80-100 మిల్లీమీటర్ల పిల్ల ఇవ్వాలి. ఎన్ని కోట్లు వదిలారో ఏటా ప్రకటన వస్తుంది. అందులో ఎన్ని పెరిగి వలలో పడ్డాయో ఎవరూ చెప్పరు.

గట్టు మీద లెక్క తీరు ఇదీ: ఒక గిన్నెతో పిల్లలను ముంచుతారు, ఆ ఒక్క గిన్నెను లెక్కపెడతారు, ఎన్ని గిన్నెలు పోశారో దానితో హెచ్చవేస్తారు. మొదటి గిన్నె నిండుగా ముంచి తర్వాతివి సగం నీళ్లతో ముంచితే చివరికి లక్షల్లో తేడా వస్తుంది. మత్స్యకారుల సహకార సంఘాలకు, సరఫరాదారులకు మధ్య గొడవంతా దీని చుట్టూనే తిరుగుతుంది. గొడవ న్యాయమైనదే, కానీ ఎంత పక్కాగా లెక్కపెట్టినా అది నీళ్లలో పోసిన లెక్కే.

సాగర్‌లో వల లాగితే రెండు కిలోల రవ్వ చేప (రోహు) పడిందనుకుందాం. అది నిరుడు ఇక్కడ వదిలిన పిల్ల కావచ్చు. వరదలో శ్రీశైలం గేట్లు దాటి వచ్చినది కావచ్చు. అంతకు ముందు కర్ణాటకలోని నారాయణపూర్ నుంచి జూరాలకు దిగినదీ కావచ్చు, నదిలోనే పుట్టినదీ కావచ్చు. పొలుసు చూసి, మొప్ప ఎత్తి చూసి ఇది ఫలానా చోటిదని ఎంత అనుభవమున్న గంగపుత్రుడూ చెప్పలేడు. జన్యు గుర్తులు చెప్పగలవు. అయితే వాటిని ఏ పద్ధతిలో అడుగుతామన్నదే ముఖ్యం.

పసిఫిక్ తీరంలో సాల్మన్ చేపల విషయంలో ఈ పని చాలాకాలంగా సాగుతోంది. కెనడాలోని ఫ్రేజర్ నదికి చేరే సాకై సాల్మన్ సముద్రంలో కలగాపులగంగా తిరుగుతుంది. పట్టిన చేపల డీఎన్ఏను ఒక్కో ఉపనది చేపల నమూనాలతో పోల్చి, ఏ గుంపు ఎంత శాతం ఉందో తేలుస్తారు. బలహీనమైన గుంపు ఎక్కువగా కనిపిస్తే వేట ఆపుతారు. సాల్మన్ పుట్టిన ఏటికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుంది కాబట్టి తరతరాలుగా ఒక్కో ఏటి చేప ఒక్కో తీరుగా వేరుపడింది. అక్కడ ఈ పద్ధతి నెగ్గడానికి కారణం అదే.

మన రవ్వకు అలాంటి చరిత్ర లేదు. అసలు అది ఉత్తరాది నదుల చేప. దక్షిణాదికి మనుషులు తెచ్చారు, చేప పిల్లలను పుట్టించే హేచరీలు ఊరూరా పంచాయి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ 1997లో విడుదల చేసిన జయంతి రోహును గంగ, యమున, బ్రహ్మపుత్ర, సట్లెజ్, గోమతి చేపలను ఫారం చేపలతో కలిపి తయారుచేశారు. ఇంత కలిసిపోయిన రక్తంలో ‘కృష్ణ రవ్వ’ను వెతకడం వృథా. సాల్మన్ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి దింపాలనే వారికి నిరాశే ఎదురవుతుంది. డీఎన్ఏ బార్‌కోడ్ కూడా ఇక్కడ పనికిరాదు. అది జాతి ఏదో చెప్పి ఊరుకుంటుంది. పైగా కణంలో తల్లి నుంచే వచ్చే మైటోకాండ్రియా అనే భాగం నుంచి చదువుతారు గనుక తల్లి వైపే తెలుస్తుంది. బొచ్చెకూ (కట్ల) రవ్వకూ పుట్టిన సంకరాన్ని తల్లి జాతి ఖాతాలో వేసేస్తుంది.

మనకు సరిపోయేది మరో దారి: తల్లిదండ్రులకే గుర్తు పెట్టడం. అమెరికాలోని స్నేక్ నది హేచరీల్లో 2008 నుంచి గుడ్లు పెట్టించే దాదాపు ప్రతి చేప రెక్క నుంచి చిన్న ముక్క తీసి డీఎన్ఏ భద్రపరుస్తున్నారు. పిల్లలో సగం తల్లిది, సగం తండ్రిది కాబట్టి ఆ పిల్లలన్నిటికీ పుట్టుకతోనే ముద్ర పడినట్టే. వంద చోట్ల జన్యు అక్షరాలను పోల్చినా తల్లిదండ్రులెవరో నమ్మకంగా తేలుతుంది. రవ్వ తల్లి కిలో బరువుకు రెండు లక్షలకు పైగా గుడ్లు పెడుతుంది. అంటే కోట్ల పిల్లలకు ముద్ర వేయాలన్నా పరీక్షించాల్సిన తల్లులు, తండ్రులు వేలల్లోనే ఉంటారు. బియ్యపు గింజంత రెక్క ముక్క, ఆల్కహాల్ పోసిన చిన్న గొట్టం, దాని మీద నంబరు. హేచరీ దగ్గర పని ఇంతే. చేపకు ప్రాణహాని ఉండదు.

తల్లిదండ్రుల డీఎన్ఏ జాబితా చేతిలో ఉంటే లారీ గట్టుకు వచ్చిన రోజే కొన్ని పిల్లల నుంచి నమూనాలు తీయవచ్చు. టెండరులో చూపిన హేచరీ తల్లులకు అవి సరిపోలకపోతే సరుకు ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చినదని తేలుతుంది. ఏడాది తర్వాత సంఘం కాటా దగ్గర మళ్లీ నమూనాలు తీస్తే వదిలిన వాటి వాటా ఎంతో తెలుస్తుంది. శ్రీశైలం వెనుక జలాల్లో, సోమశిల దగ్గర వదిలిన పిల్లలు సాగర్ వలల్లో తేలితే, కొల్లాపూర్ మత్స్యకారుల పేరున పెట్టిన ఖర్చు ఎవరికి ఫలించిందో కూడా తెలుస్తుంది.

అన్నిటికీ డీఎన్ఏ సమాధానం చెప్పదు. శ్రీశైలం వెనుక జలాల్లో నిషేధాన్ని లెక్కచేయకుండా చిన్న కన్నుల అలివి వలలు పిల్ల చేపలను ఊడ్చేస్తున్నాయి. అక్కడ ముద్ర ఉన్న చేపలు కనబడకపోతే కారణం పిల్ల నాసిరకమో, వల చిన్న కన్నో తేల్చలేం. ఎంత పట్టారన్న రోజువారీ కాటా లెక్క లేకపోతే శాతాలు వచ్చినా వాటిని దేనితో గుణించాలో తెలియదు. ఆ పుస్తకం సక్రమంగా రాసే సంఘాలు ఎన్ని ఉన్నాయో ఆయా ఊళ్ల వాళ్లకే తెలుసు.

పరీక్ష చేసే సత్తా కోసం దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో వన్యప్రాణుల మాంసం ముక్కను చూసి జాతిని తేల్చే పరీక్షలు ఎప్పటి నుంచో జరుగుతున్నాయి. రాజేంద్రనగర్‌లో చేప ఆకారపు భవనం కట్టుకున్న జాతీయ మత్స్య అభివృద్ధి మండలి ఉండనే ఉంది. ముందు ఒక్క డిండితో మొదలుపెట్టినా చాలు, ఎగువ నుంచి కొట్టుకొచ్చే చేపల బెడద కృష్ణ మీది ప్రాజెక్టులంత అక్కడ ఉండదు.

అయితే బిల్లును బతికిన చేపల శాతానికి ముడిపెట్టకూడదు. ఎండకూ వరదకూ అలివి వలకూ సరఫరాదారును బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. గట్టు మీది పరీక్షలో తల్లులు సరిపోలాయా లేదా అన్నదానికి బిల్లు, కాటా దగ్గరి ఫలితానికి వచ్చే ఏటి టెండరులో మార్కులు: ఈ రెండింటినీ వేరుగా ఉంచాలి.