సెకనుకు 400 కోట్ల గల్లంతు: ఏకసభ్య కమిషన్ నివేదిక

మా అనంతపురంలో గడియారానికి ఉన్నంత మర్యాద ఇంకెవరికీ లేదు. ఊరి నడిమధ్య టవర్ క్లాక్ ఉంది, స్వాతంత్య్రం వచ్చిన గుర్తుగా కట్టింది. పల్లె నుంచి వచ్చినవాడికి దారి చెప్పాలన్నా, ధర్నా చేయాలన్నా, పెళ్లిబట్టలకు బయల్దేరినవాళ్లు ఎక్కడ కలుసుకోవాలన్నా అక్కడే. అంతటి గడియారాన్ని కూడా ఇన్నేళ్లలో ఎవరూ గంటకు డెబ్బై నిమిషాలు తిరగమని అడగలేదు. నేను మాత్రం నా కంప్యూటర్‌ను అడిగాను, దాన్నే ఓవర్‌క్లాక్ చేయడం అంటారు.

దీనికి మూలం మా బామ్మర్ది. బెంగళూరులో ఉంటాడు. ఉగాదికి వచ్చి, ఓళిగ మీద నెయ్యి పోసుకుంటూ, "బావా, నీ సిస్టమ్ ఎంతలో నడుస్తోంది?" అన్నాడు. కరెంటుతో నడుస్తోందని మాత్రమే నాకు తెలుసు. "నాది ఐదు గిగాహెర్ట్జ్" అని తనే చెప్పాడు. కొడుకు ఎంసెట్ ర్యాంకు చెప్పినట్టు చెప్పాడు. ఆ పూట నాకు ఓళిగ చేదుగా ఉంది.

వారం తిరక్కుండా ఒక కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ బిగించుకున్నాను. ఆరు కోర్లు, అంటే లోపల లెక్కలు చేసే ఆరు మెదళ్లు. పేరు చివర 'కె'. ఇంటెల్ వాళ్లు చివర్లో కె పెట్టారంటే గుణకానికి తాళం వేయలేదని అర్థం. ఇంకో తాళం మాత్రం ఉంటుంది, పాటకు వేసే తాళం లాంటిది, అది మదర్‌బోర్డు వేసేది. సెకనుకు పది కోట్ల దెబ్బలు, అంటే 100 మెగాహెర్ట్జ్. దాన్ని గుణకంతో హెచ్చవేస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. కుర్రాడు బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల్లోకి పోయి 48 పెట్టాడు. "అయిపాయె సార్. ఇంక సూడు, బాణం మాదిరి పోతాది" అన్నాడు. 4800 మెగాహెర్ట్జ్, అంటే 4.8 గిగాహెర్ట్జ్, సెకనుకు 480 కోట్లు! మా వంశంలో కోట్లు అనే మాట సొంత ఆస్తి గురించి వాడటం అదే మొదలు.

ఇంటికొచ్చి, తలుపు దగ్గరికేసి, ప్రాసెసర్ వేగం చూపించే సీపీయూ-జెడ్ తెరిచాను. ఎనిమిది వందల మెగాహెర్ట్జ్. అంటే 80 కోట్లు. మిగతా 400 కోట్లు లేవు.

ఇంత పెద్ద మొత్తం గల్లంతైనప్పుడు మన దేశంలో చేసే పనే నేనూ చేశాను, ఏకసభ్య కమిషన్ వేశాను. అధ్యక్షుణ్ని నేనే, ఫిర్యాదీని నేనే, టీ ఖర్చు కూడా నాదే. రెండు వారాల గడువు పెట్టి మూడుసార్లు పొడిగించాను. పొడిగించకపోతే కమిషన్ అంటే ఎవరు నమ్ముతారు?

మొదటి విచారణ పది నిమిషాల్లో తేలిపోయి కమిషన్ పరువు తీసింది. ప్రాసెసర్‌కు పని లేనప్పుడు గుణకం తనంతట తానే కిందికి దిగుతుంది. స్పీడ్‌స్టెప్ అంటారు. 48 కాస్తా 8 అవుతుంది, వోల్టేజీ తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది. పని తగిలిన మరుక్షణం మళ్లీ లేస్తుంది. నేను చేసిందల్లా ఖాళీగా ఉన్న తెర ముందు కూర్చుని వేగం ఎంతుందో చూడటం. నాగలి కట్టని ఎద్దు పరిగెత్తడం లేదని పోలీస్‌ స్టేషన్‌కు పోయినట్టుంది.

అయితే పని పెట్టి చూడాలి. నేను ఆ కంప్యూటర్ మీద చేసే పని ఇలాంటి వ్యాసాలు టైపు చేయడం ఒక్కటే. దానికి ప్రాసెసర్ కళ్లు కూడా పూర్తిగా తెరవదు. అందుకని ప్రైమ్95 తెచ్చాను. అది అసలు పుట్టింది పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతకడానికి. లోకంలో చాలామంది మాత్రం ప్రాసెసర్‌ను ఏడిపించడానికే వాడతారు. ఆరు కోర్లూ పట్టాలెక్కాయి. ఫ్యాను, పక్కవీధిలో పిండిమిషన్ ఆడించినట్టు లేచింది. వేగం 4500. మళ్లీ 30 కోట్లు తక్కువ.

కుర్రాడికి ఫోన్ చేశాను. "అది ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ సార్, మూడు పెట్టినా" అన్నాడు. ఏవీఎక్స్ అనే బరువు లెక్కలు వచ్చినప్పుడు చిప్ మరీ వేడెక్కకుండా గుణకంలో మూడు తగ్గించమని తనే రాసిపెట్టాడట. "చెప్పల్ల కదప్పా!" అంటే, "నువ్వు అడగల్యా సార్" అన్నాడు. ఈ జవాబును కమిషన్ యథాతథంగా రికార్డు చేసింది.

మేం మాట్లాడుతుండగానే ఆ 4500 కూడా నిలవలేదు. అర నిమిషం తిరక్కముందే నాలుగు వేలకు కిందికి జారింది. దీన్ని కమిషన్‌కు విప్పి చెప్పింది మా నాయన. ఆయన నార్పల దగ్గర చేన్లో ఇప్పటికి ఏడు బోర్లు వేయించి, అందులో ఐదింటికి మట్టి మాత్రమే చూసిన మనిషి. కంప్యూటర్ ముట్టుకోడు. నేను గోడు చెప్పుకుంటే తువ్వాలు భుజాన సర్దుకుని, "బోర్లో ఉండేవి రెండించీల నీళ్లు. పది హెచ్‌పీ మోటారు దించితే పదించీలు వస్తాయేమిరా? కాసేపు దుంకుతాది, ఆనక గాలి కొడతాది" అన్నాడు.

అక్షరాలా అంతే. మదర్‌బోర్డులో కరెంటుకు రెండు హద్దులు రాసి ఉంటాయి. కొద్ది సెకన్లపాటు తాగనిచ్చేది ఒకటి, తర్వాత రోజంతా తాగనిచ్చేది ఇంకొకటి. నా దానికి ఆ రెండోది 95 వాట్లు. గుణకం ఎంత పెట్టినా, కాసేపు దుంకిన తర్వాత 95 వాట్లకు ఎంత వేగం వస్తే అంతే. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే గరిష్ఠ వేగం కూడా ఒకటీ రెండూ కోర్లు పనిచేసేటప్పటి సంగతే. మాకిది కొత్త కాదు. మా జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. ఆ సగటు ఎవరి చేన్లో కురుస్తుందో వేరుశనగ వేసినవాణ్ని అడగాలి.

నాయన మాట విని ఆగితే నేను కమిషన్ ఎట్లవుతాను? బయోస్‌లో ఆ హద్దులు ఎత్తేశాను. ఏవీఎక్స్ మూడూ తీసేశాను. మే నెల, మధ్యాహ్నం రెండు. వీధిలో కుక్క కూడా లేదు. ప్రైమ్95 నొక్కాను. 4800 కనబడింది. ఇంట్లోవాళ్లను పిలిచాను. వాళ్లు వంటింట్లోంచి వచ్చేలోపు చిప్ వేడి 100 డిగ్రీలు తాకింది, వేగం మెట్లు దిగడం మొదలుపెట్టింది. మా ఆవిడ తెర వైపు కాకుండా నా వైపు చూసి, "దీనికి జ్వరమొచ్చిందా, మీకొచ్చిందా?" అంది.

ఇక్కడ లెక్క కొంచెం చెప్పుకోవాలి. 4300కి 1.2 వోల్టులు సరిపోతున్న చిప్‌ను 4800కి లేపాలంటే 1.35 ఇవ్వాల్సి వచ్చిందనుకోండి. వేడి వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే దాని వర్గంతో పెరుగుతుంది. హెచ్చవేసి చూస్తే పన్నెండు శాతం వేగానికి దాదాపు 41 శాతం ఎక్కువ వేడి. మా ఊళ్లో వడ్డీవ్యాపారి కూడా ఈ రేటుకు అప్పివ్వడు. పైగా చిప్ మీద బిగించే కూలర్ ఎంత ఖరీదైనదైనా గదిలో గాలినే ఊదుతుంది. గదిలో 38 డిగ్రీలుంటే 38 డిగ్రీల గాలే పోతుంది. చల్లని గదుల్లో కూర్చుని ఐదు గిగాహెర్ట్జ్ చూపించేవాళ్లు మే నెలలో ఒక్కరోజు మా మిద్దె మీద గదికి రావాలి. ఉగ్గాని, బజ్జీ పెట్టి మరీ చూపిస్తాను.

కూలర్ విప్పితే, చిప్‌కూ దానికీ మధ్య పూసే థర్మల్ పేస్టు పాతబడి ఎండిన సున్నంలా రాలింది. తుడిచి కందిగింజంత కొత్తది పెట్టాను. దుమ్ము దులిపాను. ఆ దుమ్ములో మొక్క నాటొచ్చు. గుణకం 46కు దించి, వోల్టేజీ తగ్గించి, తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ పరీక్ష పెట్టాను. వేడి 80 దాటలేదు. హద్దులు లేవు, ఆఫ్‌సెట్ లేదు. వేగం మాత్రం 3700. ఇటూ అటూ కదలదు, గోడకు మేకు కొట్టినట్టు.

నాలుగు రోజులు నాకు నిద్ర లేదు. బయోస్ మళ్లీ మొదటినుంచి రాశాను. కుర్రాణ్ని ఇంటికి పిలిపించాను, వాడు కాఫీ తాగి, "బోర్డు ముసల్దైంది సార్" అని తీర్పిచ్చి పోయాడు. ఐదో రోజు విండోస్ పవర్ సెట్టింగులు ఒక్కొక్కటే తెరుస్తూ పోతే, ప్రాసెసర్ గరిష్ఠ స్థితి అనే గడిలో 100 ఉండాల్సిన చోట 99 ఉంది. అక్కడ ఒక్కటి తగ్గిస్తే టర్బో, అంటే మామూలు వేగం దాటి పైకి లేవడం, పూర్తిగా ఆగిపోతుంది. నా ఓవర్‌క్లాక్ అంతా ఆ టర్బో మీదే నిలబడింది కాబట్టి మొత్తం పోయి, డబ్బా మీద రాసిన మామూలు వేగం మిగిలింది.

ముద్దాయి పక్కగదిలోనే ఉంది. మా అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం. పిలిచి అడిగితే బొంకలేదు. "సప్లిమెంటరీకి చదువుకోవాల్నా వద్దా నాన్నా? రాత్రంతా ఆ ఫ్యాను గోల. మా ఫ్రెండ్ చెప్పింది, 99 పెడితే సైలెంట్ అయితాదని."

కమిషన్ తలుపేసుకుని చాలాసేపు ఆలోచించింది. 99ని 100 చేయడానికి మౌస్ పట్టుకుంది కూడా. గోడవతల నుంచి ఫిజిక్స్ సూత్రాలు పైకి చదువుతున్న గొంతు వినిపిస్తోంది. ఫ్యాను వినిపించడం లేదు.

నిన్న రాత్రి బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, ఎంత వస్తోందిప్పుడు?"

తెర మీద చూశాను, 800. ఈ వ్యాసం సగం టైపు చేసి ఉంది.

"నాలుగు పాయింట్ ఎనిమిది" అన్నాను.