ముందు నాచు సంగతి చూడండి

కైకలూరు వైపు చేపల చెరువుల దగ్గర పొద్దున్నే రైతు ఏం చేస్తాడో చూసినవాళ్లకి తెలుసు, గట్టు దిగి చెయ్యి మోచేతిదాకా నీళ్లలో ముంచి అరచెయ్యి కనపడుతుందా లేదా అని చూస్తాడు. కనపడకపోతే ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సన్నని జీవులు, బాగా పట్టినట్టు, తేటగా కనపడిందంటే చేపకి మేత తగ్గినట్టు, ఇంక పేడో సూపర్ ఫాస్ఫేటో వెయ్యాల్సిందే. నీళ్లకి ఆ పచ్చరంగు ఇచ్చేది నాచే, విడిగా చూస్తే కంటికి ఆననంత చిన్న కణాలు. దాన్ని నీటిపురుగులు తింటాయి, ఆ రెండిటినీ చేపలు తింటాయి. చెరువైనా గెడ్డైనా నదైనా బతుకు అక్కడే మొదలవుతుంది.

దీని గురించి ఇప్పుడే రాయడానికి కారణం రేర్ ఎర్త్స్. లాంథనం, సీరియం, నియోడిమియం, గాడోలినియం లాంటి 17 లోహాలు ఇవి, ఫోన్ స్పీకర్ నుంచి ఎలక్ట్రిక్ బండి మోటార్ దాకా అన్నిట్లో ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో చైనా వీటిలో ఏడిటి ఎగుమతులకి పర్మిషన్ తప్పనిసరి చేసేసరికి మన కార్ల కంపెనీలు కంగారు పడ్డాయి, నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఈ లోహాలతో చేసే మాగ్నెట్లు ఏడాదికి 6,000 టన్నులు ఇక్కడే తయారు చెయ్యాలని 7,280 కోట్ల స్కీమ్‌కి ఓకే చెప్పింది. విశాఖలో సమారియం కోబాల్ట్ మాగ్నెట్ల ప్లాంట్ 2023 మేలోనే మొదలైంది. ఈ లోహాలుండే మోనజైట్ ఇసుక నిల్వలు దేశంలో ఎక్కువగా ఉన్నది కూడా ఆంధ్రాలోనే, భీమిలి నుంచి శ్రీకాకుళం తీరం దాకా. ఈ పరిశ్రమ రావాలనే మేమూ కోరుకుంటున్నాం, మన పిల్లలకి అక్కడ ఉద్యోగాలు రావాలి. కానీ ఆ ప్లాంట్ల నుంచి బయటకొచ్చే నీళ్లలో ఏముంటుంది, అది చేరిన చోట నాచుకి ఏమవుతుంది అనే మాట ఇంతవరకు ఏ నాయకుడి ప్రసంగంలోనూ మాకు వినపడలేదు.

నాచుకి ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. లాంథనానికి ఫాస్ఫేట్ అంటే విపరీతమైన పట్టు, నీళ్లలో రెండూ కలిశాయంటే గట్టిగా అతుక్కుని కరగని పొడిలా అడుక్కి దిగిపోతాయి. నాచు పెరగడానికి ఫాస్ఫరస్ కావాలి, పైన చెప్పిన రైతు సూపర్ ఫాస్ఫేట్ వేసేది అందుకే, అదే అడుక్కి పోతే నాచు ఆకలితో మాడుతుంది. ఆస్ట్రేలియా సైంటిస్టులు 1990ల్లో ఈ గుణాన్నే పట్టుకుని లాంథనం కలిపిన బంకమట్టిని తయారు చేశారు, పాచి పట్టి కంపు కొడుతున్న సరస్సుల్లో దాన్ని చల్లుతారు, అక్కడ అది మందు. అదే లోహం అడిగేవాళ్లు లేకుండా మంచి నీళ్లలో చేరితే చేపల మేత పోతుంది.

ఇంకోటి, లోహం నేరుగా కణం మీదా పడుతుంది. కణం గోడకి అంటుకుని కాల్షియం ఉండాల్సిన చోట చేరుతుంది, మోతాదు పెరిగితే ఎదుగుదల ఆగిపోతుంది. చిత్రం ఏంటంటే చాలా తక్కువ మోతాదులో కొన్ని రకాల నాచు మామూలు కంటే బాగా పెరుగుతుంది కూడా, అందుకే నీళ్లు పచ్చగానే ఉన్నాయి కదా అని ధీమాగా ఉండటానికి లేదు. పైగా నాచు ఈ లోహాల్ని బాగా లాక్కుంటుంది, పనికిరాని బల్బుల పొడి నుంచి రేర్ ఎర్త్స్ తీయడానికి నాచునే వాడాలని కొన్ని ల్యాబుల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి. అంత లాక్కున్న నాచుని తినేది ఎవరు మరి? నీళ్లలో సున్నం ఎక్కువుంటే విషం తగ్గుతుంది, ఆమ్లం ఎక్కువైతే పెరుగుతుంది, కాబట్టి ఏదో పరాయి దేశపు పరిమితిని తెచ్చి వంశధారకి అంటిస్తే సరిపోదు, ఇక్కడి నీళ్లతోనే చూడాలి.

పరాయి దేశం అంటే జర్మనీ గుర్తొచ్చింది. రైన్ నదిలో వోర్మ్స్ ఊరి దగ్గర, పెట్రోల్ రిఫైనరీలకి కావాల్సిన కేటలిస్ట్ (రసాయన చర్యని వేగం చేసే పదార్థం) తయారుచేసే ఒక ప్లాంట్ నీళ్లు కలిసేచోట లాంథనం అసాధారణంగా ఎక్కువుందని 2011లో బయటపడింది, అదీ ప్రభుత్వం కాదు, యూనివర్సిటీవాళ్లు బాటిల్‌లో నీళ్లు పట్టి చూస్తే. అంతకుముందు 1996లోనే బెర్లిన్ నదుల్లో గాడోలినియం దొరికింది. అది ఫ్యాక్టరీది కూడా కాదు, ఎంఆర్ఐ స్కాన్లది. స్కాన్‌కి ముందు కొందరికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌లో గాడోలినియం ఉంటుంది, పెద్దమనిషికైతే దాదాపు ఒక గ్రాము, అందులో చాలాభాగం ఒకట్రెండు రోజుల్లో మూత్రంలో బయటకి పోతుంది, మురుగునీటి ప్లాంట్లు దాన్ని ఆపలేవు. హైదరాబాద్‌లో ఎన్ని స్కాన్ సెంటర్లున్నాయో లెక్కేసుకోండి, ఆ నీళ్లన్నీ చివరికి వెళ్లేది మూసీలోకే.

చైనాలో గాంజౌ కొండల సంగతి ఇంకా బాధాకరం, కొండకి బొక్కలు పెట్టి అమోనియం సల్ఫేట్ పోసి లోహం తీశారు, ఆ అమోనియా వాగులు పట్టుకుని ఊళ్ల మీదకి పోయింది. మనది సముద్రపు ఇసుక, ఆ పద్ధతి ఇక్కడ ఉండదు నిజమే, కానీ మోనజైట్‌ని కాస్టిక్ సోడాతో ఉడికించి విడదీసే పని ఉంటుంది, అందులో రేడియేషన్ వెదజల్లే థోరియం కూడా ఉంటుంది, ఎలా చూసినా నీళ్లు బోలెడు కావాలి.

మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ అన్నిటికీ పరిమితి ఉంది, ఈ లోహాల్లో ఒక్కదానికీ లేదు. చైనా ఎంత నష్టపోయాకైనా 2011లో రేర్ ఎర్త్ పరిశ్రమకి విడిగా కాలుష్య ప్రమాణాలు పెట్టుకుంది. మనం మాత్రం 2025 సెప్టెంబర్‌లో ఇలాంటి కీలక ఖనిజాల గనులకి ప్రజాభిప్రాయ సేకరణే అక్కర్లేదని మినహాయింపు ఇచ్చాం. ఇది తప్పు, వెనక్కి తీసుకోవాలి. ఊళ్లో చేపలు పట్టుకునేవాడికి ఆ గెడ్డ ఏ నెలలో ఏ రంగులో ఉంటుందో తెలుసు, అతన్ని అడగకుండా ఇచ్చే పర్మిషన్ మీద ఎవరికి నమ్మకం కుదురుతుంది?

మేము అడిగేది పెద్ద ఖర్చు పనేం కాదు. నాచు మీద పరీక్ష ప్రపంచమంతా చేసేదే, ఫ్లాస్కులో నాచు వేసి 72 గంటల్లో ఎంత పెరిగిందో చూడటం. ప్లాంట్‌కి పర్మిషన్ ఇచ్చే ముందు అక్కడి నీళ్లతో, అక్కడి నాచుతో ఈ పరీక్ష చేయించాలి, నడిచినన్నాళ్లూ బయటకొచ్చే నీళ్లకి మళ్లీ మళ్లీ చేయిస్తూ ఫలితాలు పంచాయతీ ఆఫీస్ గోడకి అంటించాలి. దానికంటే ముందు వంశధార, నాగావళి, గోస్తనీ నీళ్లలో ఈ లోహాలు ఇవాళ ఎంతున్నాయో రాసి పెట్టుకోవాలి, రేపు పెరిగిందనడానికి నిన్నటి లెక్క ఉండాలి కదా. ఇంత సన్నని మోతాదులు కొలిచే మెషీన్లు హైదరాబాద్‌లో భూమి గురించి పరిశోధించే కేంద్ర సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో ఉన్నాయి, అనంతపురం రాళ్లలో ఈ లోహాలున్నాయని 2023లో చెప్పింది కూడా వాళ్లే. పొల్యూషన్ బోర్డు మనుషులు వానలు పడకముందే బాటిళ్లు పట్టుకుని ఆ మూడు నదుల దగ్గరికి వెళ్లాలి.