ఎన్‌ఓసీ గారూ, మీకు అభ్యంతరం లేకపోతే ఒక మాట

హనుమకొండ,
ఎంటెక్ మూడో సెమిస్టర్ చివర.

మహారాజశ్రీ నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ గారి దివ్య సముఖానికి,

కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లాలంటే కాలేజీ నుంచి తమర్ని వెంటబెట్టుకెళ్లక తప్పని కంప్యూటర్ సైన్స్ ఎంటెక్ రెండో ఏటి విద్యార్థులం కట్టగట్టుకొని రాసుకుంటున్న విన్నపం ఇది.

మిగతా కాగితాలన్నీ ఏదో ఒకటి ఉందని చెప్పడానికి పుట్టాయి. మార్కుల మెమో మార్కులున్నాయంటుంది. ఆదాయం సర్టిఫికెట్ ఆదాయం ఇంతుందంటుంది. తమరొక్కరే లేనిదాని మీద సంతకాలు పెట్టించుకుంటారు. ఎవరికీ లేని అభ్యంతరం లేదని చెప్పడానికి గైడు, ప్రాజెక్టు కోఆర్డినేటర్, హెచ్‌ఓడీ, ప్లేస్‌మెంట్ సెల్, డీన్ ఆఫీసు, ఇన్ని చేతులు కావాలి. అదే అభ్యంతరం చెప్పాలంటే ఒక్క చెయ్యి చాలు. రాయనక్కర్లేదు, ఊపితే సరి.

తమ గుమ్మం దాకా రావడానికి ముందు మేం దాటింది ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష. 65 ప్రశ్నలు, 3 గంటలు, 100 మార్కులు, అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి. ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు మార్కు కోత, రెండు మార్కులదైతే మూడింట రెండు వంతుల మార్కు. అంకె టైపు చేసే ప్రశ్నలకు కోతే లేదు. వచ్చిన స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. ఏది తప్పితే ఎంత పోతుందో ముందే చెప్పిన ఆ పరీక్షను అందరూ కఠినమంటారు. తమ దగ్గర ఏది తప్పితే ఎంత పోతుందో, పోయాక గానీ తెలియదు.

తమ మొదటి లీల చెట్టు ముందా విత్తు ముందా అన్నది. ఆఫర్ లెటర్ చూపిస్తే ఎన్‌ఓసీ ఇస్తామంటుంది విభాగం. ఎన్‌ఓసీ చూపిస్తే ఆఫర్ లెటర్ ఇస్తామంటుంది కంపెనీ హెచ్‌ఆర్. ఇక్కడ "సార్ మీటింగుల ఉన్నడు, రేపు రా" అంటారు. అక్కడ "మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది" అని మెయిల్ వస్తుంది. అర్థం ఒకటే, యాస వేరు. ఈ ముడి విప్పే దారి సీనియర్లకు తెలుసు. హెచ్‌ఆర్‌ను ఆఫర్ లెటర్ అడగొద్దు. ఎంపికైనట్టు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, పనిచేసే ఊరు, మెంటర్ హోదా, నెలకు స్టైపెండ్ ఎంతో రాసి, కంపెనీ సొంత డొమైన్ నుంచి ఒక్క మెయిల్ పంపమని అడగాలి. ఆ ప్రింటు మీద విభాగం "ఆఫర్ లెటర్ సమర్పించే షరతుపై" అంటూ తమర్ని దయచేయిస్తుంది. కనీసం మూడు వారాల ముందే ఫైలు కదిలించాలి, ఎందుకంటే ఐదు చేతుల్లో ఒకటి ఎప్పుడూ సెలవులో ఉంటుంది. మెయిల్ జీమెయిల్ నుంచి వస్తే మాత్రం ఎవరూ ముట్టుకోరు. అదీ ఒకందుకు మంచిదే. డిపాజిట్ కడితే ఇంటర్న్‌షిప్ ఇస్తామనే పుణ్యాత్ములు ఎక్కువగా అక్కడి నుంచే రాస్తారు.

ఇక తేదీలు. కంపెనీ లెక్కలో ఇంటర్న్‌షిప్ జనవరి నుంచి జూన్ దాకా ఆరు నెలలు. సెమిస్టర్ లెక్కలో థీసిస్ గడువు, వైవా అంతకు ముందే పడతాయి. తమలో జూన్ అని రాస్తే "అప్పటికి సెమిస్టరే ఉండదు గదా" అంటుంది పరీక్షల విభాగం. మే అని రాస్తే ఆ రోజే కంపెనీ లాగిన్ ఆగిపోతుంది, చివరి ప్రయోగం సగంలో ఉండగా. అందుకని ముగింపు తేదీ కంపెనీ చెప్పిందే ఉంచి, కింద "రివ్యూలకు, థీసిస్ సమర్పణకు, వైవాకు విద్యార్థిని పంపవలెను" అన్న వాక్యం చేర్పించుకోవాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే వైవాకు వెళ్లడం సెలవు కింద జమ అవుతుంది. ఇంటర్న్‌కు సెలవులెక్కడివి?

పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరం, ఆధార్‌లో ముందు పూర్తిగా, పాన్‌లో వెనక. తెలుగువాడి పేరుకు ముందూ వెనకా ఏముందో కంపెనీ పోర్టల్‌కు అర్థం కాదు. దాని దృష్టిలో ముగ్గురు మనుషులు చేరడానికి వచ్చారు. డిగ్రీ మీద అచ్చయ్యేది టెన్త్ మెమోలోని పేరే కాబట్టి తమలోనూ అదే ఉండాలి. పాన్ తేడాగా ఉంటే చేరకముందే సరిచేసుకోవాలి, స్టైపెండ్, టీడీఎస్ అన్నీ దాని మీదే నడుస్తాయి.

డబ్బు సంగతీ తమరు మాట్లాడరు. గేట్ స్కోరుతో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్, దానికి బదులుగా వారానికి 8 నుంచి 10 గంటలు ల్యాబుల్లోనో ట్యుటోరియళ్లలోనో పని. కంపెనీ స్టైపెండ్ మొదలయ్యాక ఇది కొనసాగుతుందా, ఆగుతుందా, తర్వాత వెనక్కి కట్టమంటారా అన్నది వెళ్లేముందే స్కాలర్‌షిప్ సెక్షన్‌లో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి. నోటిమాట మీద వెళ్లినవాళ్లకు ఆఖర్న నో డ్యూస్ దగ్గర, అంటే బాకీలేవీ లేవని కాలేజీ ఇచ్చే కాగితం దగ్గర, అసలు లెక్క బయటపడుతుంది.

ఇవన్నీ తమ ముందరి వేషాలు. తమకు అభ్యంతరం లేదన్న తర్వాతే అసలు అభ్యంతరాలు ఒక్కొక్కటిగా లేస్తాయి.

కంపెనీలో చేరగానే చేతికొచ్చేది గోప్యత ఒప్పందం. సంతకం చివరి పేజీలో, సంగతి మధ్య పేజీల్లో. యూఎస్‌బీ పనిచేయదు, సొంత మెయిల్ తెరుచుకోదు, కోడ్ గడప దాటదు. ఇటు విభాగమేమో థీసిస్ లైబ్రరీలో పెట్టాలంటుంది, చదివినవాళ్లు ఆ ప్రయోగం మళ్లీ చేసి చూడగలగాలంటుంది. ఒకరు దాచమంటారు, ఒకరు చూపమంటారు. ఇద్దరి తరఫునా "అభ్యంతరం లేదు" అని పలికింది తమరే.

ఏప్రిల్‌లో థీసిస్ పూర్తయ్యాక మెంటర్ తాపీగా "లీగల్ వాళ్లకు ఒకసారి చూపించు" అంటాడు. లీగల్ టీమ్‌కు ఎంటెక్ గడువు అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వాళ్ల వరుసలో కోట్ల ఒప్పందాలుంటాయి, వాటి కింద మన నాలుగో అధ్యాయం ఉంటుంది. దీనికి మందు మొదటి నెలలోనే వేయాలి. ఒక పేజీ రాసి మెంటర్ ద్వారా పంపాలి: సమస్య ఏమిటి, వాడే పద్ధతి ఇప్పటికే అచ్చయిన పరిశోధనలోదేనా, ఏ అంకెలు చూపుతాం, ఏవి చూపం. పూర్తి ముసాయిదా కనీసం ఆరు వారాల ముందు వాళ్ల చేతిలో పడాలి. అసలు అంకెలు ఇవ్వనివ్వరు కాబట్టి పాత సిస్టమ్‌ను 100 అనుకొని కొత్తదాన్ని దాంతో పోల్చి చూపాలి. ప్రతి వంద రిక్వెస్టుల్లో తొంభై అయిదు ఎంతలోపు పూర్తవుతున్నాయో, దాన్నే పీ95 అంటారు, అది పాతదానికి 100 అయితే కొత్తదానికి 72 అని రాయొచ్చు. రోజుకు ఎన్ని రిక్వెస్టులొస్తాయో మాత్రం రాయకూడదు, అది కంపెనీ వ్యాపారం సైజు చెప్పేస్తుంది. ఆర్కిటెక్చర్ బొమ్మలో సర్వర్ల అంతర్గత పేర్లు కూడా తీసేయాలి. ఇది ఎక్కువమంది మరిచేది, లీగల్ వాళ్లు మొదట పట్టుకునేది.

మరి మళ్లీ చేసి చూడగలగడం? పబ్లిక్ డేటాసెట్ మీద అదే పద్ధతి ఇంకోసారి నడపాలి. కంపెనీలో సర్వర్ లాగ్‌ల నుంచి, అంటే సర్వర్ తన పనిని వరుసగా రాసుకునే చిట్టాల నుంచి, తేడా పసిగట్టే పని చేశారనుకోండి. లాగ్‌హబ్ అనే పబ్లిక్ లాగ్‌ల భాండారంలో హెచ్‌డీఎఫ్‌ఎస్ (ఫైళ్లను బ్లాకులుగా కోసి చాలా కంప్యూటర్లలో దాచే వ్యవస్థ) లాగ్‌లు అందరికీ అందుబాటులో ఉన్నాయి: 1,11,75,629 లైన్లు, 5,75,061 బ్లాకులు, వాటిలో తేడా ఉన్నవి 16,838. అంటే నూటికి మూడు కూడా లేవు. కళ్లు మూసుకొని "అంతా బాగుంది" అనే మోడల్‌కైనా 97 శాతం ఆక్యురసీ వస్తుంది. (ఆ లెక్కన తమరూ గొప్ప మోడలే, ఎప్పుడడిగినా అభ్యంతరం లేదనే అంటారు.) అందుకే అక్కడ ఆక్యురసీ రాసి మురిసిపోకూడదు, ప్రెసిషన్ (తేడా అని చెప్పినవాటిలో నిజంగా తేడా ఉన్నవెన్ని), రీకాల్ (ఉన్న తేడాల్లో పట్టుకున్నవెన్ని), ఆ రెంటినీ కలిపిన ఎఫ్‌1 రాయాలి. ఇంకో గొయ్యి కూడా ఉంది. ఆ బ్లాకుల్లో చాలావాటి ఈవెంట్ల వరుస అచ్చు ఒకేలా ఉంటుంది. మోడల్‌కు నేర్పే ట్రైనింగ్‌కు, దాన్ని పరీక్షించే టెస్టుకు ఎడాపెడా విడదీస్తే చదివిన ప్రశ్నే పరీక్షలో వచ్చినట్టవుతుంది. ఒకే వరుస ఉన్నవన్నీ ఒకే వైపు పడేలా చూడాలి, లేదా కాలక్రమంలో కోసి ముందువి ట్రైనింగ్‌కు, తర్వాతవి టెస్టుకు పెట్టాలి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎంత మెతక మనిషైనా ఈ ప్రశ్న అడిగి తీరతారు.

ఆయన అడిగే రెండో ప్రశ్న: "ఇందులో నువ్వు చేసిందేంది, టీమ్ చేసిందేంది?" కంపెనీలో ఎవరూ ఒక్కరే చేయరు. కోడ్ రివ్యూలో సగం మారుతుంది, విడుదలకు ముందు ఇంకో సగం మారుతుంది. వైవాలో "మేము చేశాం" అన్న ప్రతిసారీ మార్కులు కారిపోతుంటాయి. అందుకని వారం వారం ఒక డైరీ ఉండాలి. తేదీ, ప్రయత్నించింది, పనికిరానిది, ఎందుకు పనికిరాలేదు, అంతే. కోడ్ అక్కర్లేదు, ఉండకూడదు కూడా. పనికిరాని ప్రయోగాలు దాచుకోవడం మరీ ముఖ్యం. కంపెనీ వాటిని పారేస్తుంది, థీసిస్‌లో ఒక అధ్యాయం నిలబడేది వాటి మీదే.

మార్కుల సంగతీ ఇంతే. మెంటర్ చేతిలో కంపెనీ ఫారం ఉంటుంది, దాంట్లో "అంచనాలను అందుకున్నాడు" అన్న గడి. అది నూటికి ఎంత? విభాగంలో ఒకాయన 60 అంటారు, ఇంకొకాయన 85 అంటారు. కంపెనీలో అందుకున్నాడంటే మెచ్చుకోలే, మన దగ్గర అదే మాటకు బొటాబొటి పాసు అని అర్థం. విభాగం మూల్యాంకనం షీటు తమతోపాటే మొదటి రోజే మెంటర్‌కు పంపిస్తే ఈ లొల్లి ఉండదు. అది తమరి వెనక జత చేయాల్సిన కాగితం. ఒక్క గుండు సూది పని.

మధ్యలో రివ్యూలు. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు తెరిచారు, కాజీపేట నుంచి ఆటోలో వెళ్లిరావొచ్చు. అయినా తమరి "ప్రదేశం" గడిలో ఎక్కువగా పడేది హైదరాబాదే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట 130 కిలోమీటర్ల పైచిలుకు. సాయంత్రం శాతవాహన అందుకోవాలంటే గచ్చిబౌలిలో భోజనం చేయగానే లేవాలి. ఇంతా చేసి వస్తే పది నిమిషాల ప్రెజెంటేషన్, అందులో నాలుగు ప్రొజెక్టర్‌కు కేబుల్ కుదరడానికి. రివ్యూల్లో ఒకటి మాత్రం నేరుగా పెట్టి, మిగతావి ఆన్‌లైన్‌లో అని తమలో రాయించుకున్న బ్యాచీలు ఉన్నాయి. అడిగితే ఇస్తారు. అడగొచ్చని తెలియకపోవడమే చిక్కు.

తర్వాత సిమిలారిటీ రిపోర్టు, థీసిస్ ఇతరుల రాతలతో ఎంత కలుస్తుందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే 6 నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలు వరుసగా 14 పదాల దాకా కలిసినా తప్పు కాదు. అయినా రిపోర్టు తీసే చోట ఆ ఫిల్టర్లు పెట్టకపోతే మొదటి రిపోర్టు భయపెడుతుంది. సర్టిఫికెట్ పేజీ, డిక్లరేషన్ పేజీ సీనియర్ల థీసిస్‌లతో అక్షరం పొల్లుపోకుండా కలుస్తాయి, కలవక చస్తాయా, అవి విభాగం ఇచ్చిన నమూనాలే. కంపెనీ గోప్యత ఉన్న థీసిస్‌కు ఇంకో జాగ్రత్త కావాలి. అప్‌లోడ్ చేసేటప్పుడు రిపాజిటరీలో, అంటే ఆ సాఫ్ట్‌వేర్ పోల్చడానికి థీసిస్‌లను దాచుకునే చోట, దాచొద్దన్న ఆప్షన్ ఎంచమని చెప్పాలి. లేకపోతే లీగల్ వాళ్లు ఆపమన్న ముసాయిదా అక్కడ కూర్చుంటుంది, పైగా సరిదిద్దిన కాపీ దాంతోనే కలిసి దాదాపు నూటికి నూరు చూపిస్తుంది.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకున్న రైతుకు తక్‌పట్టీ ఇస్తారు. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, క్వింటాలుకు ఏ ధర, హమాలీకెంత, తూకం వేసిన దడ్వాయికెంత, చేతికెంత. అరచేతిలో పట్టే చీటీ. తమరు ఏ4 సైజులో, లెటర్‌హెడ్ మీద, గుండ్రటి ముద్రతో వేంచేస్తారు. అయినా ఎవరు మార్కులు వేస్తారో, ఏ డేటా బయటికి తీయొచ్చో, వైవాకు ఎవరు పంపుతారో, స్కాలర్‌షిప్ ఏమవుతుందో ఒక్క ముక్క ఉండదు. దేశంలో మొదటి రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీకి 1959లో పునాది పడిన ఊరు ఇది, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చిన ఊరు. ఇంత చదువున్న చోట తమర్ని తక్‌పట్టీ స్థాయికి పెంచమని అడగడం అత్యాశ అనిపించుకోదనే ధైర్యంతో రాస్తున్నాం. ఆరు వాక్యాలు పెరుగుతాయి, పేజీ మారదు.

ఉద్యోగం ఖాయమైతే జులైలో చేరమంటారు. అప్పుడు ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మెమో అడుగుతారు. వాటికి నో డ్యూస్ కావాలి. తమరి తమ్ముడే అనుకుంటాం, పేరులోనే "లేదు" ఉంది. ఆయనకు వేరే లేఖ రాస్తాం.

ఇట్లు,
తమ అభ్యంతర రాహిత్యానికి బద్ధులైన
ఎంటెక్ రెండో ఏటి విద్యార్థులు.

తా.క.: తమ మీద పడ్డ ఊదా ముద్ర సంతకాన్ని సగం మింగేసింది. బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేస్తే కంపెనీ పోర్టల్ "సంతకం కనబడుటలేదు" అని తిప్పి పంపుతోంది. రంగులో స్కాన్ చేసి పంపుతున్నాం. ఈసారి ముద్ర కొంచెం పక్కకు వేయించుకోగలరు.