తండ్రి లేని మనవడికి వాటా ఏది?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పరుపుల దుకాణం పెట్టుకున్న పెద్దాయన పోయాడు. మొన్ననే నలభై రోజుల ఫాతిహా, అంటే పోయినవారి కోసం చేసే ప్రార్థన, అయింది. ఇప్పుడు ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ ఉన్నారు. పెద్దకొడుకు చాలా ఏళ్ల కిందట సాగర్ రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. అతని ఒక్కగానొక్క కొడుకు పదహారో ఏటి నుంచి తాత పక్కన దూది ఏకుతున్నాడు. పంపకంలో వాడికేమీ రాదన్నారు. దీని మీద మస్జిద్ పెద్ద ఒకాయనకు, లాయరైన ఆయన మేనకోడలికి నడిచిన వాదన ఇది. నేను కోడలి పక్షమే. అయినా మామ మాట తీసిపారేసేది కాదు.

మామ: రాదంటే రాదు బిడ్డా. కొడుకు బతికుండంగ కొడుకు కొడుక్కు వాటా లేదు. ప్రవక్త సహచరుడు జైద్ బిన్ సాబిత్ జెప్పిన మాట ఇది. నీ లా పుస్తకం జూసి మారుస్తమా?

కోడలు: ఖురాన్‌నే జూడు మామా. రెండో సూరా 180వ ఆయత్ ఏమంటది? ఆస్తి ఇడిచిపోయేటోడు దగ్గరోళ్లకు వసియత్, అంటే వీలునామా, జెయ్యాలంటది.

మామ: వారసత్వం ఆయత్‌లు వచ్చినంక ఆ హుకుం రద్దయిందన్నరు పెద్దలు.

కోడలు: అందరనలే. వాటా వచ్చేటోళ్ల మటుకే రద్దు, రానోళ్లకు వసియత్ ఫర్జే, తప్పనిసరే అన్నడు ఎనకటి పండితుడు ఇబ్న్ హజ్మ్. ఈజిప్టు 1946ల ఆ తొవ్వ పట్టుకొనే చట్టం జేసింది. కొడుక్కు రెండు, బిడ్డకు ఒకటి అనే లెక్క ముట్టలే. తాత వీలునామా రాయకున్నా రాసినట్టే అనుకొని, తండ్రి ఉంటే వచ్చేటిది మనవడికి ఇచ్చింది. అదీ మూడో వంతు దాటకుండ.

మామ: ఆడ జేసింది ముస్లింలు. ఈడెవరు జేస్తరు? ఉత్తరాఖండ్‌ల 2025 జనవరి సంది ఉమ్మడి పౌరస్మృతి నడుస్తుంది, వారసత్వం గూడ అండ్లనే. మనమే సందిస్తే ఇల్లంత వాళ్లదైతది.

(ఈ భయం ఉత్తది కాదు. మా ఇండ్లల్లో రోజూ వినబడేదే.)

కోడలు: ఆ భయం నాకూ ఉన్నది. అందుకే బయటోళ్ల కంటె ముందు మన ఉలమా, మత పండితులే జెయ్యాలంటున్న. ఎనకట జేసిండ్రు గూడ. మొగడు జాడ లేకుండ పోతే హనఫీ ఫిఖ్ అనే ధర్మశాస్త్ర పద్ధతిల ఆడిదానికి తెంపుకునే తొవ్వ లేకుండె. నికా తెగుతదని పంజాబ్‌ల కొందరు మతమే ఇడిచిండ్రు. అప్పుడు హనఫీ పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ ఏం జేసిండు? మాలికీ మజ్‌హబ్ అనే ఇంకో పద్ధతి నుంచి తీర్పు తెచ్చి ముంగట వెట్టిండు. నాలుగేండ్లు మొగడు జాడ లేకుంటే విడాకులు అడగొచ్చని 1939ల చట్టమొచ్చింది. థాన్వీ మౌలానా కంటె మనకు దీన్ ఎక్కువ తెల్సునా?

మామ టోపీ తీసి తల నిమురుకున్నాడు. కొంచెంసేపు మాట రాలేదు.

మామ: అది నిజమే. అయితే ఈడ తప్పు షరియత్‌ది గాదు, తాతది. మూడో వంతు దాక రాసిచ్చే హక్కు ఉండంగ రాయలే. వీలునామా రాస్తే చావును పిలిచినట్టని మన గల్లీల ఎవలు రాయరు. జుమ్మా నాడు గది జెప్పాలె.

కోడలు: తాత రాయకపోతే పిల్లగాడు రోడ్డున పడాల్నా? నిన్న దుకాణంకు వోయిన. వాని కనురెప్పల మీద దూది నూగు. నన్ను జూసి మిషన్ ఆపి, “అక్కా, చిన్నాయన తాళం అడుగుతుండు, ఇయ్యాల్నా?” అన్నడు.

మామ: నాలుగో సూరా ఎనిమిదో ఆయత్ లేదా? పంపకం కాడికి అనాథలొస్తే వాళ్లకూ ఇయ్యిమన్నది. ఆ చిన్నాయనలకు నేను జెప్త.

కోడలు: చెప్పుడు వేరు, ఇప్పిచ్చుడు వేరు మామా.

మామ: నీ ఈజిప్టు లెక్కల వానికి ఎంతొస్తది?

కోడలు: తండ్రి ఉంటే ముగ్గురు కొడుకులు, ఒక బిడ్డ. ఏడు పాళ్లు. అండ్ల రెండు వానియి. మూడో వంతు కంటె తక్కువే.

మామ: చట్టం సంగతి నేనొప్ప. రేపు జొహర్ నమాజ్ అయినంక ఇద్దరినీ మస్జిద్ కాడికి పిలుస్త. ఆ రెండు పాళ్లు హిబా, అంటే కానుక కింద ఇస్తమంటే కాయితం నువ్వే తయారుజెయ్యి.

కోడలు: వాళ్లు ఇయ్యం అంటే ఏం కాయితం పట్టుకొని కోర్టుకు వోవాలె మామా?