ఆగు బాబూ, నీ భవిష్యత్తు కొలుస్తున్నాం

పిల్లల జాతకం రాయించడానికి ఇక పంచాంగం అక్కర్లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక మిఠాయి ఉంటే చాలు. ఈ సౌకర్యం మనకు వాల్టర్ మిషెల్ అనే అమెరికన్ సైకాలజిస్టు పుణ్యం. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆవరణలోని బింగ్ నర్సరీ స్కూల్లో ఆయన నాలుగైదేళ్ల పిల్లల ముందు మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి, బిస్కెట్ లాంటివి పెట్టి, "నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తా" అని చెప్పి వెళ్లేవారు. కొందరు కళ్లు మూసుకున్నారు, కొందరు పాటలు పాడుకున్నారు, కొందరు బల్లని తన్నారు, కొందరు గుటుక్కుమనిపించారు. ఎక్కువసేపు ఆగినవాళ్లకు పెద్దయ్యాక అమెరికా కాలేజీల్లో సీటు కోసం రాసే శాట్ పరీక్షలో మార్కులు కూడా ఎక్కువొచ్చాయని 1990లో ఆయన బృందం రాసింది.

ఇంకేముంది! పదిహేను నిమిషాలు ఆగితే ఐఐటీ, ఆగకపోతే అంతే సంగతులు అని జనం తేల్చేసుకున్నారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ల, విద్యార్థుల సంతానమేనని, శాట్ మార్కులు దొరికింది వందమందికి లోపేనని కొందరు నసుగుతారు. అలాంటివాళ్లని పట్టించుకోకూడదు.

ఒక్క మిఠాయితో సరిపెడితే సైన్స్ ఎలా అవుతుంది? అందుకే పిల్లల ఆత్మనిగ్రహం కొలవడానికి వేరే పరీక్షలూ ఉన్నాయి. ఒకదాంట్లో కుందేలు, పడవ బొమ్మల కార్డుల్ని ముందు రంగును బట్టి వేరు చేయిస్తారు, తర్వాత ఆకారాన్ని బట్టి చేయమంటారు. మూడేళ్ల పిల్లల్ని అడిగితే కొత్త రూలు ఠక్కున చెప్తారు, చెయ్యి మాత్రం పాత రూలు ప్రకారమే పోతుంది. మెదడు ఇంకా ఎదగలేదని దీనికి వివరణ. రెడ్ లైట్ అంటే ఏంటో మన బైకుల వాళ్లని అడిగినా ఠక్కున చెప్తారు. సిగ్నల్ దాటేశాక చెప్తారు. ఇంకో పరీక్షలో సూర్యుడి బొమ్మ చూపిస్తే 'రాత్రి' అనాలి, చంద్రుణ్ణి చూపిస్తే 'పగలు' అనాలి. మూడున్నరేళ్ల పిల్లలు తెగ తడబడతారు. టీవీ చర్చలకొచ్చే పార్టీ ప్రతినిధుల్ని కూర్చోబెడితే నూటికి నూరు.

ఇవి కాక తల్లిదండ్రులు నింపే ఫారాలు కూడా ఉన్నాయి. మీవాడు ఆగగలడా, మధ్యలో అడ్డొస్తాడా, చెప్పింది మర్చిపోతాడా అని. గదిలో పెట్టిన పరీక్షకీ ఇంట్లో నింపిన ఫారానికీ పెద్దగా పొంతన కుదరడం లేదని పరిశోధకులే ఒప్పుకున్నారు. మంచిదేగా, రెండూ రిపోర్టులో వేస్తే ఫీజు పెంచుకోవచ్చు.

ఇంత చక్కగా సాగుతున్న వ్యవహారాన్ని రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు చెడగొట్టారు. సెలెస్ట్ కిడ్ బృందం 28 మంది పిల్లలకు ముందు పాత క్రేయాన్లు ఇచ్చి, "కాసేపాగు, ఇంతకన్నా మంచివి తెస్తా" అంది. సగం మందికి నిజంగానే తెచ్చారు. మిగతా సగానికి, "సారీ, అయిపోయాయి" అని ఒట్టి చేతులతో వచ్చారు. తర్వాత స్టిక్కర్లతో మళ్లీ అదే నాటకం. ఆ తర్వాత మార్ష్‌మాలో. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు.

ఇలాంటివి మన తల్లిదండ్రుల కంట పడకుండా చూడాలి. పడితే పండక్కొచ్చిన మేనత్త పిల్లాడి చేతిలో పెట్టిన ఐదొందల నోటు గుర్తొస్తుంది. అత్తయ్య ఆటో ఇంకా వీధి మలుపు తిరగదు, వాళ్లమ్మ చెయ్యి చాపుతుంది. "ఇలా ఇవ్వు నాన్నా, నువ్వు పారేసుకుంటావు, నా దగ్గరైతే భద్రంగా ఉంటుంది." పాస్‌బుక్ లేదు, వడ్డీ లేదు, విత్‌డ్రా అసలే లేదు. సాయంత్రానికి అది పాలవాడి బాకీలో కలిసిపోతుంది. ఇటు వాళ్ల నాన్న క్లాసులో ఫస్టొస్తే సైకిలన్నాడు. వచ్చాడు. "ఇప్పుడు కొంటే ఏడాదిలో చిన్నదైపోతుందిరా, వచ్చే ఏడాది చూద్దాం." ఇంత అనుభవమున్న పిల్లాడి ముందు లడ్డూ పెట్టి, ఆగితే ఇంకోటి ఇస్తానంటే వాడేం చేస్తాడు? దాన్ని ఆత్మనిగ్రహ లోపం అంటున్నాం. అదే పని ఆడిటర్ చేస్తే జీతమిస్తాం.

ఆ తర్వాత వచ్చినవీ ఇలాంటి చాడీలే. 2018లో 900 మందికి పైగా పిల్లల లెక్కలు తీసిన టైలర్ వాట్స్ బృందానికి, ఆగడానికీ చదువుకీ మధ్య మిషెల్ చెప్పిన సంబంధంలో దాదాపు సగమే దొరికింది. ఇంటి పరిస్థితులు, చిన్నప్పటి తెలివితేటలు లెక్కలోకి తీసుకుంటే అందులో మూడింట రెండొంతులు ఎగిరిపోయింది. 2022 నాటి మరో పరిశోధనలో జపాన్ పిల్లలు తిండి ముందు పెడితే ఎక్కువసేపు ఆగారు, అమెరికా పిల్లలు గిఫ్టు ప్యాకెట్ ముందు పెడితే ఎక్కువసేపు ఆగారు. అందరికీ వడ్డించాకే తినడం జపాన్ పిల్లలకు ఇంట్లో అలవాటు, ప్యాకెట్ తర్వాత విప్పడం అమెరికా పిల్లలకు అలవాటు.

అయినా పరీక్ష ఆపాలని నేననను. చిన్న సవరణ అడుగుతున్నానంతే. పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టే ముందు పెద్దవాళ్ల దగ్గర ఒక అఫిడవిట్ తీసుకోవాలి. గత ఏడాదిలో ఇచ్చిన మాటలు, నిలబెట్టుకున్నవి, "చూద్దాంలే" కింద పెండింగులో ఉన్నవి వేర్వేరు కాలమ్‌లలో రాయాలి. మేనత్త ఐదొందలకు రసీదు జత చేయాలి. సంతకం పిల్లాడిది ఉండాలి. వాడికింకా సంతకం రాకపోతే వేలిముద్ర చాలు, లడ్డూ తిన్న చెయ్యయినా ఫరవాలేదు.