హయకావాకు హాలీవుడ్ గీసిన గీత
మూకీల కాలంలో హాలీవుడ్‌లో వెలిగిన జపాన్ నటుడు సెస్యూ హయకావా గురించి రాసేవారు సాధారణంగా ‘వివక్షను ఎదిరించి తార అయ్యాడు’ అని తేల్చేస్తారు. నాకు అది సగం నిజంగానే తోస్తుంది. ఆ వివక్షే అతని తార హోదాకు పెట్టుబడి.

1915లో సిసిల్ బి. డెమిల్ తీసిన మూకీ చిత్రం ‘ది చీట్’ చూడండి. ధర్మనిధి సొమ్మును పోగొట్టుకున్న ఒక తెల్లజాతి గృహిణి, సంపన్నుడైన జపాన్ వ్యాపారి (ఆ వేషం హయకావాది) దగ్గర పది వేల డాలర్లు తీసుకుంటుంది. బదులుగా అతను కోరింది ఆమెనే. తర్వాత డబ్బు తిరిగి ఇవ్వబోతే ఒప్పుకోడు. తన వస్తువుల మీద వేసుకునే ముద్రను కుంపట్లో కాల్చి ఆమె భుజం మీద వేస్తాడు. చివరికి కోర్టులో జనం అతని మీదికి ఎగబడతారు. ప్రేక్షకులూ అతణ్ణి అసహ్యించుకోవాలనే కథ అల్లారు. తీరా చూస్తే ఆడవాళ్లు ఆ ప్రతినాయకుడికే అభిమానులయ్యారు.

అందం ఒక్కటే కారణం కాదు. చేతులూపుతూ, కళ్లు పెద్దవి చేస్తూ నటించడం మామూలైన ఆ రోజుల్లో హయకావా దాదాపు కదలకుండా నిలబడేవాడు. పారిస్‌లో లూయీ డెలూక్ వంటి విమర్శకులు ఆ నిగ్రహానికి ముగ్ధులయ్యారు. అమెరికా ప్రేక్షకులను పట్టి లాగింది మాత్రం నిషిద్ధమైన దాని మీద ఉండే మోజు. కాలిఫోర్నియాలో జపానీయులకూ తెల్లవారికీ మధ్య పెళ్లి అప్పట్లో చట్టవిరుద్ధం. 1948లో గానీ కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయలేదు.

లాస్ ఏంజెలెస్‌లోని జపానీయులు ఈ సినిమా మీద మండిపడ్డారు. 1918లో మళ్లీ విడుదల చేసినప్పుడు వ్యాపారి జపానీయుడు కాదు, బర్మావాడు అయ్యాడు. తెర మీది రాతల్లో పేరూ ఊరూ మారాయి, ముఖం అదే. అప్పుడు జరుగుతున్న మొదటి ప్రపంచ యుద్ధంలో జపాన్ అమెరికాకు మిత్రదేశం, దాన్ని నొప్పించకూడదు. బర్మా బ్రిటిష్ ఏలుబడిలో ఉంది. మన కూలీలు ఓడలెక్కి వెళ్లిన ఆ రంగూన్ నుంచి ఎవరు వచ్చి నిలదీస్తారు?

అదే ఏడాది హయకావా హావర్త్ పేరుతో సొంత నిర్మాణ సంస్థ పెట్టాడు. 1919లో భార్య త్సురు ఆవోకితో ‘ది డ్రాగన్ పెయింటర్’లో నటించాడు. అందులో అతను పోయిన ప్రియురాలి కోసం పిచ్చివాడిలా వెతికే చిత్రకారుడు. నాకు అతని పాత్రల్లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. అయితే సొంత సంస్థ ఉన్నా హద్దు చెరగలేదు. తెల్ల కథానాయికను తెల్ల నాయకుడికి అప్పగించి తప్పుకునే త్యాగమూర్తి వేషాలు తప్పలేదు.

1922లో హాలీవుడ్ వదిలాడు. జపానీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తేల్చిందీ ఆ ఏడాదే. తర్వాత ఫ్రాన్స్‌లో నటించాడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడే నీటిరంగుల బొమ్మలు వేసి అమ్ముకుని బతికాడు.

1957లో ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’లో యుద్ధఖైదీల శిబిరం అధికారిగా వేసిన వేషానికి ఉత్తమ సహాయ నటుడి విభాగంలో ఆస్కార్ నామినేషన్ దక్కింది. అవార్డు మాత్రం ‘సయొనారా’లో జపాన్ అమ్మాయిని పెళ్లాడే అమెరికన్ సైనికుడిగా నటించిన రెడ్ బటన్స్‌కు వెళ్లింది. అదే సినిమాలో ఒక తెల్ల యువతి మనసు పడే జపాన్ కబుకి (అక్కడి సంప్రదాయ నాటకం) నటుడి పాత్ర కూడా ఉంది. ఆ వేషం వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మొంటాల్బాన్.